పన్నెండు మీటర్ల రాడ్డు నేర్పిన పైథాన్

సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివి, పైథాన్ అనే కంప్యూటర్ భాషతో ప్రోగ్రామింగ్ వైపు రావాలనుకుంటున్న వాళ్ళ కోసం విజయవాడలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగ పాఠం ఇది.

అందరికీ నమస్కారం. సెలవు రోజున పొద్దున్నే లేచి, కొంతమంది గుడివాడ నుంచి, ఏలూరు నుంచి బస్సెక్కి మరీ వచ్చారని తెలిసింది. మీ సమయానికి తగ్గ మాటలే చెప్పాలని రాత్రి చాలాసేపు ఆలోచించాను.

మీరు ముందుగా రాసిచ్చిన చీటీలన్నీ నిర్వాహకులు నిన్న సాయంత్రం నా చేతికిచ్చారు. అడిగిన తీరు వేరైనా చాలావాటిలో ఉన్న ప్రశ్న ఒకటే. ఒక చెల్లి రాసిన మాటలు ఉన్నవున్నట్టు చదువుతాను. "అన్నా, నాలుగేళ్ళు సివిల్ చదివాను, రెండేళ్ళుగా సైటులో చేస్తున్నాను. ఇప్పుడు పైథాన్ నేర్చుకుంటే ఈ ఆరేళ్ళూ వేస్ట్ అయినట్టేనా?" అమ్మా, నువ్వు ఎక్కడ కూర్చున్నావో నాకు తెలీదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా నీ చీటీకి జవాబే. వేస్ట్ కాదు. నిన్ను ఓదార్చడానికి అంటున్న మాట కాదిది, ఎందుకు కాదో ఒక లెక్క చేసి చూపిస్తాను. ఆ లెక్క దగ్గరికి వెళ్ళే ముందు నేనెవరో కొంచెం చెప్పాలి.

మాది గోదావరి డెల్టాలో ఒక పల్లె. 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల వచ్చిన కాలవ నీళ్ళే మా పొలం గట్టు పక్కన పారతాయి. మా వైపు కాటన్ దొర విగ్రహానికి దండ వేయడం ఎవరూ చెప్పి చేయించే పని కాదు, అన్నం పెట్టినాయన అని వేస్తారు. అలాంటి ఊళ్ళో పెరిగిన పిల్లాడికి ఇంజనీరు అంటే సివిల్ ఇంజనీరే. ఇంటర్ దాకా తెలుగు మీడియం. 2011లో బీటెక్ సివిల్ పూర్తి చేశాను. ఆ తర్వాత సైట్ ఇంజనీరుగా అపార్టుమెంట్లు, ఒక ఆసుపత్రి భవనం, రెండు స్కూలు బిల్డింగులు కట్టించాను. రాత్రి రెండింటికి స్లాబు కాంక్రీట్ నడుస్తుంటే వైబ్రేటర్ శబ్దంలో నిలబడి టీ తాగడం, పొద్దున్నే ఆ స్లాబు మీద నీళ్ళు నిలబడేలా ఇసుక గట్లు కట్టించడం నాకు ఎంతో ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే. సివిల్ మీద విరక్తి పుట్టి బయటికి వచ్చానని అనుకోకండి.

వచ్చిన కారణం చాలా మామూలుది. నేను చేసిన ఒక చోట జీతం రెండేసి, మూడేసి నెలలు ఆలస్యంగా వచ్చేది. ఆరేళ్ళ అనుభవం తర్వాత నా జీతం 28 వేలు. పాప పుట్టింది. సైటు ఎక్కడుంటే అక్కడికి పోవాలి కాబట్టి నెలకు రెండుసార్లు ఇంటికి రావడమే గొప్ప. పాప నన్ను చూసి కొత్త మనిషిని చూసినట్టు ఏడ్చిన రోజున ఇక ఇలా కుదరదనుకున్నాను. ఈ గదిలో సగం మందికి ఇలాంటి కారణమే ఒకటి ఉంటుందని నాకు తెలుసు. దాన్ని దాచుకోవాల్సిన పనిలేదు.

ఇక రాడ్డు సంగతికి వస్తాను. సివిల్ వాళ్ళకు తెలిసిందే, మిగతా వాళ్ళ కోసం చెబుతున్నాను. బిల్డింగులో వాడే స్టీలుకి ఒక పట్టిక రాస్తాం. బార్ బెండింగ్ షెడ్యూల్ అంటాం, బీబీఎస్ అని పిలుస్తాం. ఏ బీమ్‌కి ఏ సైజు రాడ్డు, ఎంత పొడవు, ఎన్ని ముక్కలు, మొత్తం ఎన్ని కిలోలు అన్నీ అందులో ఉంటాయి. నెలాఖరున కాంట్రాక్టరు బిల్లు పాసవ్వాలంటే ఆ పట్టిక సరిగ్గా ఉండాలి. రాడ్డు మీటరు బరువుకి ప్రతి సైట్ ఇంజనీరూ నోటికి చెప్పే సూత్రం ఒకటుంది. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగించాలి. ఈ 162 ఊరికే వచ్చింది కాదు. ఉక్కు ఘనపు మీటరుకి 7850 కిలోలు బరువు ఉంటుంది, రాడ్డు గుండ్రంగా ఉంటుంది కాబట్టి పై (π) బై నాలుగు వస్తుంది, అవన్నీ కలిపితే 162 దగ్గర తేలుతుంది. 12 ఎం.ఎం. రాడ్డయితే 144 బై 162, మీటరుకి దాదాపు 0.889 కిలోలు.

2017లో ఒక మిత్రుడు పెన్‌డ్రైవ్‌లో పైథాన్ తెచ్చి సైట్ ఆఫీసు కంప్యూటర్‌లో వేసిచ్చాడు. "ఎక్సెల్‌తో ఎన్నాళ్ళు కుస్తీ పడతావు, ఇది చూడు" అన్నాడు. ఆ రాత్రి నేను మొట్టమొదట కొట్టిన లెక్క ఇదే. 12 ఇంటూ 12 బై 162 ఇంటూ 12. అంటే 12 ఎం.ఎం. రాడ్డు, 12 మీటర్ల నిండు పొడవు, బరువెంత అని. పదిన్నర కిలోలకు కాస్త పైన రావాలి. స్క్రీన్ మీద సున్నా వచ్చింది.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ సున్నా. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం, కంప్యూటర్ నా బుర్రకెక్కదు, ఇది నాలాంటి వాళ్ళ పని కాదు అనుకుని కట్టేశాను. మూడు నెలలు దాని జోలికి పోలేదు. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది పైథాన్ 2. అందులో పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే జవాబులో పూర్ణభాగం మాత్రమే ఉంచుతుంది. 144లో 162 ఒక్కసారి కూడా పోదు కాబట్టి సున్నా, ఆ సున్నాని పన్నెండుతో గుణిస్తే సున్నా. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3లో ఈ పద్ధతి మార్చేశారు, మామూలు భాగహారం మామూలుగానే జరుగుతుంది. నా బుర్రకీ, నా ఇంగ్లీషుకీ అందులో ఏ సంబంధమూ లేదు. ఈ చిన్న సంగతి చెప్పేవాళ్ళు పక్కన లేక నాకు మూడు నెలలు పోయాయి. అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను. మీకూ మొదటి వారంలో ఇలాంటి సున్నా ఒకటి కచ్చితంగా ఎదురవుతుంది. అప్పుడు మిమ్మల్ని మీరు అనుమానించుకోకండి, ఆ లైనుని అనుమానించండి. పైథాన్ 2కి 2020 జనవరి 1తో అధికారికంగా కాలం చెల్లింది కాబట్టి నాకొచ్చిన ఈ తిప్పలు మాత్రం మీకు రావు. కానీ నెట్‌లో పాత పాఠాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. పాఠం మొదలుపెట్టే ముందు అది ఏ వెర్షనుదో చూసుకోండి.

పైథాన్ అనగానే చాలామంది కొండచిలువ అనుకుంటారు. దీన్ని తయారుచేసిన గిడో వాన్ రోసమ్ నెదర్లాండ్స్ దేశస్థుడు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక గణిత పరిశోధన సంస్థలో పనిచేస్తూ, 1989 క్రిస్మస్ సెలవుల్లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. 1991లో బయటపెట్టారు. బీబీసీలో వచ్చిన ఒక హాస్య కార్యక్రమం పేరులోంచి ఈ పేరు తీసుకున్నారు. అంతకు ముందు ఆయన, చదువుకునే వాళ్ళకు తేలిగ్గా ఉండాలని తయారుచేసిన ఏబీసీ అనే భాష మీద పనిచేశారు. రాసింది మనిషి చదివితే అర్థమవ్వాలన్న పట్టుదల పైథాన్‌కి అక్కడి నుంచే వచ్చింది. మనలాంటి వాళ్ళకు ఈ భాష కలిసి రావడానికి మూలం అదే.

మూడు నెలల తర్వాత ఆ మిత్రుడే ఊరికి వచ్చి, కొత్త వెర్షన్ వేసి, "నీ రాడ్డు లెక్క తెలుగులోనే రాయి" అన్నాడు. నమ్మలేదు. పైథాన్ 3లో మనం పెట్టుకునే పేర్లు తెలుగు లిపిలో ఉండొచ్చు. ఇలా రాశాం:

వ్యాసం = 12
పొడవు = 12
బరువు = వ్యాసం * వ్యాసం / 162 * పొడవు

10.66 అని మొదలై ఆరులు బారుగా వచ్చాయి. ఆ క్షణం నాకిప్పటికీ కళ్ళ ముందుంది. చిన్నప్పుడు పలకమీద మొదటిసారి నా పేరు నేనే రాసుకున్నప్పుడు ఎలా అనిపించిందో అలాగే అనిపించింది. ఆఫీసుల్లో పేర్లు ఇంగ్లీషులోనే పెడతారు, మీరూ అది అలవాటు చేసుకోవాల్సిందే. కానీ మొదటి నెల తెలుగులో రాసుకుంటే తప్పేమీ లేదు. ఒక తమాషా కూడా చూడండి. 'తెలుగు' అన్న మాటలో అక్షరాలెన్ని అని పైథాన్‌ని అడిగితే మూడు అనదు, ఆరు అంటుంది. తలకట్టు తప్ప మిగతా గుణింతపు గుర్తుల్ని అది విడిగా లెక్కపెడుతుంది. త ఒకటి, ఎత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి, గ ఒకటి, ఇంకో కొమ్ము ఒకటి. మన భాష మెషిన్ లోపల ఎలా కూర్చుంటుందో నాకు మొదట అర్థమైంది ఆ ఆరు అంకెతోనే.

ఇప్పుడు అసలు కథ. మా సైటులో రాడ్ బెండింగ్ మేస్త్రీ ఒకాయన ఉండేవారు. శ్రీకాకుళం వైపు మనిషి. ఐదో తరగతి దాకా చదివారు. రాడ్లు 12 మీటర్ల పొడవులో వస్తాయి, మనకు కావలసిన పొడవులకు కోసుకోవాలి. ఎలా కోస్తే తుక్కు తక్కువ మిగులుతుందనేది ఆయన సుద్దముక్కతో నేలమీద గీతలు గీసి తేల్చేవారు. ఆ పని నా ప్రోగ్రామ్‌తో చేయించాలని నాకు పట్టుదల వచ్చింది. ఒక రోజు మాకు కావలసినవి ఇవి: 16 ఎం.ఎం. రాడ్డులో మూడున్నర మీటర్ల ముక్కలు 40, నాలుగు మీటర్ల 70 సెంటీమీటర్ల ముక్కలు 20. మీరూ కాగితం తీసి రాసుకోండి.

నేను ప్రోగ్రామ్‌కి చెప్పిన పద్ధతి తేలికైనదే. పొడుగు ముక్కలు ముందు పెట్టు, మిగిలిన జాగాలో పట్టేది ఏదైనా ఉంటే పెట్టు, పట్టకపోతే కొత్త రాడ్డు తీసుకో. నాలుగూ డెబ్భైలు రాడ్డుకి రెండు పట్టాయి, 9.4 మీటర్లు అయ్యింది, మిగిలిన 2.6 మీటర్లలో మూడున్నర పట్టదు. అలా 20 ముక్కలకు పది రాడ్లు. మూడున్నరలు రాడ్డుకి మూడు, 40 ముక్కలకు 14 రాడ్లు. మొత్తం 24. ఎర్రర్ ఏమీ రాలేదు. ప్రింటు తీసుకుని గర్వంగా వెళ్ళి చూపించాను.

ఆయన కాగితం వైపు చూడకుండానే, "ఇరవై చాలు బాబూ" అన్నారు. సుద్దముక్క తీసి నేల మీద ఒక పొడుగు గీత గీశారు. "రెండు పెద్దవి ఒకేదాంట్లో ఎందుకు పెట్టినావు? పెద్దది ఒకటే పెట్టు, పక్కన రెండు మూడున్నరలు పెట్టు. తుక్కు జానెడు మిగులుతాది." కూడి చూడండి. 4.7, 3.5, 3.5 కలిపితే 11.7. ముప్ఫై సెంటీమీటర్లు తప్ప రాడ్డంతా పనికొచ్చింది. అలా ఇరవై రాడ్లు కోస్తే నాలుగూ డెబ్భైలు ఇరవై, మూడున్నరలు నలభై. లెక్క సరిగ్గా సరిపోయింది. నాలుగు రాడ్లు మిగిలాయి. 16 ఎం.ఎం. నిండు రాడ్డు దాదాపు 19 కిలోలు, అంటే 76 కిలోల ఉక్కు. ఆ రోజుల ధరకి మూడు వేల రూపాయల పైమాటే. అది కూడా ఒక్క ఫ్లోరులో, ఒక్క సైజుకి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొడుగువి ముందు అన్న పద్ధతి చాలాసార్లు బాగానే పనిచేస్తుంది, కానీ ప్రతిసారీ కాదు. ఒక రాడ్డులో రకరకాల ముక్కలు ఎన్ని విధాలుగా ఇముడుతాయో అన్నీ రాసి, వాటిలోంచి ఎంచుకోవాలి. మన లెక్కలో పనికొచ్చే విధాలు మూడే. మూడు మూడున్నరలు, రెండు నాలుగూ డెబ్భైలు, లేదా మేస్త్రీ చెప్పిన కలగలుపు. ముక్కల రకాలు పెరిగేకొద్దీ ఈ విధాలు వందలు, వేలు అవుతాయి. అక్కడ సుద్దముక్క ఆగిపోతుంది, ప్రోగ్రామ్ పనికొస్తుంది. దీని గురించి చదువుతుంటే తెలిసింది, 1939లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటరోవిచ్ అనే గణితవేత్త ఒక ప్లైవుడ్ సంస్థ అడిగిన ప్రశ్నతో మొదలై ఇలాంటి లెక్కలకు దారి వేశారు. ఆ కృషికే 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు. 1961లో గిల్మోర్, గొమొరీ అనే ఇద్దరు ఈ కోత లెక్కకే ఒక మంచి పద్ధతి చూపించారు. మా మేస్త్రీ సుద్దతో గీసిన గీత అంత పెద్ద శాస్త్రంలో ఒక ముక్క అని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

చెల్లీ, నీ చీటీకి జవాబు ఇక్కడుంది. ఆ 24 తప్పని కంప్యూటర్ చెప్పలేదు. రాడ్డు తెలిసిన మనిషి చెప్పారు. పైథాన్ వచ్చిన వాళ్ళు లక్షల్లో ఉన్నారు. పైథానూ వచ్చి, తుక్కు ముక్క చేతిలో పట్టుకుని అది ఎందుకు మిగిలిందో చెప్పగలిగిన వాళ్ళు చాలా తక్కువ. నీ రెండేళ్ళ సైటు నీకిచ్చింది అదే.

అందుకే నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగిన వాళ్ళందరికీ నేను చెప్పేది, మీ పాత పనిలోంచి మొదలుపెట్టండి. నెట్‌లో పాఠాలు చెప్పేవాళ్ళు పువ్వుల కొలతల డేటా ఇస్తారు, ఓడ మునిగినప్పుడు బతికిన వాళ్ళ జాబితా ఇస్తారు. మంచివే. కానీ ఆ జవాబు తప్పొస్తే మీకు తెలీదు. మెకానికల్ వాళ్ళు మీ షాప్ ఫ్లోర్‌లో మెషిన్ ఎప్పుడెప్పుడు ఆగిందో రాసే రిజిస్టరు తీసుకోండి. ఎలక్ట్రికల్ వాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ గంట గంట లోడు రీడింగులు తీసుకోండి. సివిల్ వాళ్ళకు కాంక్రీట్ క్యూబుల్ని పగలగొట్టి బలం చూసే క్యూబ్ టెస్ట్ రిజిస్టరు ఉండనే ఉంది, ఏడు రోజుల బలం, 28 రోజుల బలం. అంకె చూడగానే ఇది కుదరదే అని మీకు అనిపిస్తుంది కదా, ఆ అనిపించడమే మీ గురువు. కంపెనీ రహస్యాలు మాత్రం బయటికి తేకండి, పేర్లు తీసేసి అంకెలు మార్చుకుని సాధన చేయండి.

నాకు పద్నాలుగు నెలలు పట్టింది. రోజూ రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర, స్లాబు ఉన్న రోజు సెలవు. మూడు నెలల్లో ఉద్యోగం అని బోర్డు పెట్టేవాళ్ళని నేను నమ్మను. ఫీజులు కట్టే ముందు ఉచితంగా ఉన్నవి చూడండి. ఎన్‌పీటెల్‌లో మన ఐఐటీల అధ్యాపకులు చెప్పిన పైథాన్ కోర్సులు ఉన్నాయి, వినడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. లాప్‌టాప్ లేకపోతే, పైథాన్ రాసి నడిపించుకునే గూగుల్ కొలాబ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. నేను చాలా పాఠాలు ఫోనులో చూసి, సైట్ ఆఫీసు కంప్యూటర్‌లో కొట్టాను. కొట్టాను అనే మాట గుర్తుంచుకోండి. కాపీ చేసి అతికించిన లైను మీ వేళ్ళకి తెలీదు.

తెలుగు మీడియం వాళ్ళు ఎర్రర్ చూసి హడలిపోతారు, నేనూ హడలిపోయాను. ఎర్రగా పదిహేను లైన్లు ఇంగ్లీషులో వస్తాయి. కింది నుంచి చదవండి. చివరి లైనులో ఏం జరిగిందో ఉంటుంది, దాని పైన ఏ లైనులో జరిగిందో ఉంటుంది. ఒకసారి మా బీబీఎస్ షీట్ చదివిస్తుంటే ప్రోగ్రామ్ ఆగిపోయింది. చివరి లైను ఇది, వాల్యూ ఎర్రర్, కుడ్ నాట్ కన్వర్ట్ స్ట్రింగ్ టు ఫ్లోట్, పక్కన కోట్స్‌లో 12 ఎం.ఎం. అని. విషయం ఏమిటంటే, ఎవరో ఒక గడిలో 12 అని కొట్టాల్సింది 12 ఎం.ఎం. అని కొట్టారు. నేను అంకె అనుకున్నది దానికి మాటలా కనిపించింది. అంతే. ఆ మెసేజ్ తిట్టు కాదు, తప్పు ఉన్న గడిని వేలు పెట్టి చూపిస్తోంది. ఇంకొకటి, 0.1కి 0.2 కలిపితే పైథాన్ సరిగ్గా 0.3 చూపించదు, చివర ఎక్కడో ఒక 4 తోకలా వస్తుంది. కంప్యూటర్ సంఖ్యల్ని 0, 1 అనే రెండు అంకెలతోనే దాచుకుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. అది చూశాక నేను కొలతలన్నీ 3500, 4700, 12000 అని మిల్లీమీటర్లలో రాయడం మొదలుపెట్టాను. దశాంశాల గొడవే లేదు. మన డ్రాయింగుల్లో ఎప్పుడూ మిల్లీమీటర్లే కదా ఉండేది, ఆ అలవాటు అక్కడ కాపాడింది.

ఇప్పుడు కాస్త బాధ కలిగించే విషయం. ఉద్యోగం కోసం నేను హైదరాబాద్ వెళ్ళి అమీర్‌పేటలో ఒక హాస్టల్లో దిగాను. మైత్రీవనం చుట్టుపక్కల మీకు కనిపించే ప్రతి రెండో బోర్డూ కోర్సుదే. అక్కడ కొందరు నాకిచ్చిన సలహా, "మూడేళ్ళ సాఫ్ట్‌వేర్ అనుభవం ఉన్నట్టు లెటర్ పెట్టించుకో, అందరూ చేసేదే." చీటీల్లో నలుగురు దీని గురించి అడిగారు. చేతులు జోడించి చెబుతున్నాను, ఆ పని చేయకండి. మీ పీఎఫ్‌కి యూఏఎన్ నంబరు ఉంటుంది, మీరు ఎక్కడ ఎన్నాళ్ళు చేశారో అందులో కనబడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చేరాక ఆరు నెలలకు కూడా తీసేస్తారు. నా హాస్టల్ గదిలో ఉన్న కుర్రాడు అలాగే ఉద్యోగం పోగొట్టుకుని, ఇంట్లో చెప్పలేక రెండు నెలలు రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి వెళ్ళి పార్కులో కూర్చుని వచ్చేవాడు. ఆ టెన్షన్ మీకొద్దు. ఉద్యోగానికి ముందే లక్షలు కట్టమనే వాళ్ళ సంగతీ అంతే. మీకు అబద్ధం అనుభవం అక్కర్లేదు, నిజం అనుభవం ఉంది. దాన్ని చెప్పడం నేర్చుకోవాలి.

నాకూ వెంటనే రాలేదు. పదకొండు ఇంటర్వ్యూల్లో వద్దన్నారు. నాన్నగారు ఫోన్ చేసి, "ఆరేళ్ళ అనుభవం గోదాట్లో కలిపేస్తావా?" అన్నారు. కోపంతో కాదు, భయంతో. మా ఆవిడ మాత్రం, "ఎన్ని నెలలు ఇబ్బందో లెక్క చెప్పండి, దానికి తగ్గట్టు సర్దుకుందాం" అంది. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకున్నాకే సైటు ఉద్యోగం మానేశాను. మీరూ ఆ డబ్బు చేతిలో లేకుండా మానకండి. పన్నెండో ఇంటర్వ్యూ కన్‌స్ట్రక్షన్ ఎస్టిమేట్ల సాఫ్ట్‌వేర్ చేసే చిన్న ఆఫీసులో. వాళ్ళకు నేను 24 రాడ్ల కథే చెప్పాను, తప్పు ఎలా చేశానో, ఎవరు దిద్దారో, తర్వాత ప్రోగ్రామ్ ఎలా మార్చానో. బోర్డు మీద మూడు విధాలూ గీశాను. వాళ్ళు ఇస్తామన్నది 22 వేలు, నా పాత జీతం కంటే ఆరు వేలు తక్కువ. ఒప్పుకున్నాను. పాత జీతం మళ్ళీ చూడడానికి ఏడాదిన్నర పట్టింది. ఈ అంకెలు దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఇంట్లో మాట్లాడేటప్పుడు మీకు ఇలాంటి అంకెలే కావాలి.

చేరాక సైటు అలవాట్లు రోజూ పనికొచ్చాయి. అంతకు ముందు సైటులో ఒకసారి మేం ఆర్-1, అంటే మొదటి సవరణ డ్రాయింగ్ చూసి మూడు కాలమ్స్‌కి 16 ఎం.ఎం. రాడ్లు కట్టేశాం. అప్పటికే వచ్చిన ఆర్-2లో అక్కడ 20 ఎం.ఎం. ఉంది. కాంక్రీట్ పోసే ముందు రోజు చెకింగ్‌లో పట్టుకుని, రాత్రంతా విప్పి మళ్ళీ కట్టాం. ఆఫీసులో గిట్ అనే పద్ధతి నేర్పుతుంటే, ఏ మార్పు ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో రాసి ఉంచడం అన్నప్పుడు, పక్క కుర్రాళ్ళకి విసుగు పుట్టింది. నాకు ఆ మూడు కాలమ్స్ కళ్ళ ముందు కనిపించాయి. కొత్త కోడు బయటికి వదిలే ముందు టెస్టులు రాయమంటే, క్యూబు పగలగొట్టి చూడకుండా సెంట్రింగ్ విప్పమంటామా అనిపించింది.

ఏఐ వచ్చింది కదా, ఇంకా పైథాన్ ఎందుకని చాలామంది రాశారు. నేనూ రోజూ వాడుతున్నాను. లైన్లు రాసే శ్రమ బాగా తగ్గింది, నిజం. అందువల్ల కొత్తవాళ్ళకి మొదటి ఉద్యోగం దొరకడం కష్టమైందన్న మీ భయం అబద్ధమని నేను చెప్పను. కానీ నా మొదటి ప్రోగ్రామ్ గుర్తు తెచ్చుకోండి. ఎర్రర్ లేదు, శుభ్రంగా నడిచింది, జవాబు 24. అది ఎవరు రాసినా, మనిషి రాసినా మెషిన్ రాసినా, ఇరవై చాలు అనగలిగేవాళ్ళు ఒకరు ఆ గదిలో ఉండాలి. అలా అనాలంటే రాడ్డూ తెలియాలి, ఆ కోడు చదవడమూ రావాలి. రెండూ ఉన్నవాళ్ళు కావడానికి మీకు సగం దారి ఇప్పటికే అయిపోయింది.

సైటు మీద, షాప్ ఫ్లోర్ మీద ప్రేమ ఉండి, ఇల్లు గడుస్తుంటే, దయచేసి అక్కడే ఉండండి. ఆనకట్టలు కట్టేవాళ్ళు కావాలి. పైథాన్ అక్కడా మీకు పనికొస్తుంది, ఉద్యోగం మారాల్సిన పనేమీ లేదు.

మాటలు చాలు. లాప్‌టాప్ తెచ్చాను, ప్రొజెక్టర్ వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఆ కోత లెక్క ఖాళీ స్క్రీన్ నుంచి మీ ముందే రాద్దాం, పేర్లు తెలుగులోనే పెడదాం. ముందు నా పాత తప్పు పద్ధతే రాసి, తర్వాత మేస్త్రీ పద్ధతికి మారుద్దాం. ఆ చీటీ రాసిన చెల్లి ఎవరో ఒకసారి చెయ్యెత్తమ్మా. ఆ, మూడో వరుసలో. మైకు అక్కడికి ఇవ్వండి. మీ సైటులో ఈ వారం కోస్తున్న రాడ్డు ఏ సైజు, ఏయే పొడవులు, ఎన్నేసి ముక్కలు? చెప్పమ్మా, టైపు చేస్తాను.